మొదటిసారి విదేశానికి వెళ్లేటప్పుడు ఎవరిని ఏమి అడగాలి

చి.ల.సౌ. మేనకోడలికి, బరంపురం నుంచి మామయ్య ఆశీస్సులు.

నువ్వూ అల్లుడు గారూ సింగపూర్‌లో అమ్మాయి దగ్గరికి బయలుదేరుతున్నారని తెలిసి మీ అత్తయ్యా నేనూ ఎంతో సంతోషించాం. పర్లాకిమిడిలో అడిగినవాళ్లందరూ తలో మాటా చెబుతున్నారనీ, విన్నకొద్దీ భయం పెరుగుతోందనీ రాశావు. ఎవరు చేసిన ప్రయాణాన్ని బట్టి వాళ్లు చెబుతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఏ సంగతి ఎవరిని అడగాలో నువ్వు విడదీసుకుంటే సగం భయం పోతుంది.

వీసా, పాస్‌పోర్టు, సామాను బరువు. ఈ మూడింటి గురించి చుట్టాలను అడగవద్దు. ఎప్పుడో వెళ్లివచ్చినవాళ్లు అప్పటి నిబంధనలే చెబుతారు. మనవాళ్లకు సింగపూర్ వెళ్లడానికి ముందుగా వీసా కావాలి. అక్కడి ప్రభుత్వం గుర్తించిన ఏజెంట్ల ద్వారానే దరఖాస్తు చేయించు. అక్కడ దిగే రోజుకు పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. దిగకముందే, దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు, అంటే అక్కడికి వచ్చేవాళ్లు తమ వివరాలిచ్చే పత్రం, నింపాలి. దానికి పైసా కట్టనక్కరలేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది అక్కడి ప్రభుత్వానిది కాదని తెలుసుకో. ఇక బరువు ఎంతన్నది మీ టికెట్టు మీదే రాసి ఉంటుంది. పక్కింటివాళ్ల టికెట్టు లెక్క మీకు వర్తించదు.

మన ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకు పేర్ల చిక్కు ఒకటి ఉంది. బడి సర్టిఫికెట్టులో గుమస్తా ఒకలా రాస్తాడు, ఆధార్‌లో ఇంకోలా పడుతుంది. లక్ష్మి అన్న పేరే ఇంగ్లిషులో ఒకచోట ఎక్స్‌తో, మరోచోట కె ఎస్ హెచ్‌తో ఉంటుంది. ఇంటిపేరు ఒక కాగితంలో ముందుంటే మరోదానిలో చివరికి పోతుంది. అందుకని టికెట్టు కొనేటప్పుడు పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని, అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించు. ఇంటిపేరు గడిలో ఏముందో, అసలు పేరు గడిలో ఏముందో వేలు పెట్టి చూసుకో. డబ్బు కట్టకముందే చూడాలి సుమా!

ఈమధ్యనే వెళ్లివచ్చినవాళ్లను మాత్రం తప్పకుండా అడుగు. అయితే "ఎలా ఉంది?" అని అడిగితే "చాలా బాగుంది" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. తీసుకెళ్లి విప్పకుండానే తిరిగి తెచ్చినవి ఏమిటో అడుగు. మొదటి రోజే కొనాల్సి వచ్చిందేమిటో అడుగు. విమానాశ్రయంలో అధికారి ఏ కాగితాలు చూపించమన్నాడో అడుగు. మీ వయసువాళ్లను, మీలాగే మోకాళ్ల నొప్పులున్నవాళ్లను వెతికి మరీ అడుగు. పాతికేళ్ల కుర్రాడు పది నిమిషాల నడకే అన్నది మీకు అరగంట పడుతుంది.

తిండి సామాను గురించి కాస్త గట్టిగానే చెబుతాను. అత్తయ్య ఇక్కడి అప్పడాలూ ఊరగాయలూ కట్టి ఉంచింది. నూనె ఊరగాయ చేతి సంచిలో పెడితే తనిఖీ దగ్గరే తీసేస్తారు, పెద్ద పెట్టెలోనే సర్దాలి. ఎండు కొబ్బరి చిప్పలు అసలు వద్దు. వాటిలో నూనె ఉంటుంది కనుక నిప్పంటుకునే సరుకుగా లెక్కిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం గసగసాలు. మనకు అవి వంట దినుసే గాని, సింగపూర్‌లో మత్తుమందుల చట్టం కిందికి వస్తాయి, అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. విడిగా పొట్లం కట్టకపోయినంత మాత్రాన సరిపోదు. ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో వేశావేమో గుర్తుచేసుకో, కొన్న పొడి అయితే పొట్లం వెనక దినుసుల జాబితా చదువు. అనుమానం ఉంటే ఇంట్లోనే వదిలెయ్యి. సింగపూర్‌లో మన దేశంవాళ్ల దుకాణాలుండే సెరంగూన్ రోడ్డు కొట్లలో పప్పుల నుంచి కరివేపాకు దాకా దొరుకుతాయి. అల్లుడు గారికి జర్దా, ఖైనీ అలవాటు ఉంటే మొహమాటపడకుండా చెప్పు, నమిలే పొగాకు అక్కడ నిషేధం. జేబులో ఒక్క పొట్లం కూడా ఉండకూడదు.

మందులు చేతి సంచిలోనే ఉండాలి. మాత్రలు పట్టీల నుంచి తీసి డబ్బాలో పోయవద్దు. డాక్టరు చేత మందుల పేర్లు ఇంగ్లిషులో స్పష్టంగా రాయించుకో. మూడు నెలలకు మించి తీసుకెళ్లవద్దు. నిద్రమాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు మందు వంటివి ఉంటే ముందుగా అక్కడి అనుమతి అడగాలి. ఆ పని అమ్మాయికి అప్పగించు.

డబ్బు సంగతి బ్యాంకులో అడుగు. విదేశంలో వాడే వీలు చాలా కార్డులకు మొదట మూసే ఉంటుంది, మనమే తెరిపించుకోవాలి. అక్కడ దుకాణంలో కార్డు పెట్టాక మిషను రూపాయల్లోనా, సింగపూర్ డాలర్లలోనా అని అడిగితే డాలర్లే నొక్కు. రూపాయలంటే తెలిసిన లెక్కే కదా అనిపిస్తుంది గానీ, ఆ మార్పిడి రేటు మనకు నష్టమే.

విశాఖ నుంచి నేరుగా విమానం ఉంది కాబట్టి పలాసలో రైలెక్కితే చాలు. కానీ అదే రోజు రైలును నమ్ముకోవద్దు. ముందు రోజే వెళ్లి మీ పిన్ని ఇంట్లో పడుకోండి. అమ్మాయి చిరునామా, ఫోను నంబరు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, ఒకటి నీ దగ్గర, ఒకటి అల్లుడు గారి జేబులో పెట్టు. దిగగానే ఫోను కలవకపోవచ్చు. మీరు ఎక్కడ ఉంటారని అధికారి అడిగితే ఆ కాగితం చూపిస్తే సరిపోతుంది.

టికెట్టు చేతికి రాగానే దాని ఫొటో, పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో రెండూ నాకు పంపు. పేర్లు నేనూ ఒకసారి సరిచూస్తాను.

మీ మామయ్య