‘టేక్ ది ఎ ట్రైన్’ డ్యూక్ ఎల్లింగ్టన్ ట్యూనేనా?

కాదు, అది అమెరికన్ జాజ్ బ్యాండ్ లీడర్ అయిన ఆయన దగ్గర పనిచేసిన బిల్లీ స్ట్రేహార్న్ కట్టిన ట్యూన్. 1941 మొదట్లో అమెరికా రేడియో స్టేషన్లకీ, రాయల్టీలు వసూలు చేసే ఆస్కాప్ సంస్థకీ డబ్బు దగ్గర పేచీ వచ్చి ఆ సంస్థ సభ్యుల పాటలు రేడియోలో ఆగిపోయాయి. ఎల్లింగ్టన్ సభ్యుడే, అంటే సొంత ట్యూన్లే ఆయన బ్యాండ్ రేడియోలో వాయించడానికి వీల్లేదు! అందుకే సభ్యులు కాని స్ట్రేహార్న్, ఎల్లింగ్టన్ కొడుకు మెర్సర్ ఆ టైమ్‌లో కొత్తవి కట్టి ఇచ్చారు. ‘సెపియా పనోరమా’ బదులు బ్యాండ్ సిగ్నేచర్ ట్యూన్ అయిన ఇది అలా రేడియోలోకి వచ్చిందే, ‘చెల్సీ బ్రిడ్జ్’ కూడా స్ట్రేహార్న్‌దే. ‘టేక్ ది ఎ ట్రైన్’ రికార్డు మొదట్లో వినిపించే పియానో ఎల్లింగ్టన్‌ది, లేబుల్ మీద పెద్దక్షరాల్లో పేరూ ఆయనదే కాబట్టి ఆ బ్యాండ్ వాయించిందంతా ఆయన కట్టిందే అనుకుంటారు చాలామంది. స్ట్రేహార్న్ మాత్రం 1939 నుంచి 1967లో చనిపోయేదాకా ఆ సంగీతంలో సగం ప్రాణం.