తమ్ముడికి ఇలా కావడం గంజాయి వల్లేనా, మానేస్తే తగ్గుతుందా?

మీ తమ్ముడికి 20 ఏళ్లని, రెండేళ్లుగా గంజాయి తాగుతున్నాడని, పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని రాత్రంతా మేలుకునే ఉంటున్నాడని రాశారు. నేను డాక్టర్‌ని కాదు. అనంతపురంలో మా తమ్ముడితో ఇదంతా పడ్డవాణ్ని.

మావాడు ఇంటర్‌లో మొదలుపెట్టాడు, డిగ్రీకొచ్చేసరికి రోజూ తాగేవాడు. ముందు మాటలు తగ్గాయి, స్నానం మానేశాడు, తర్వాత ఎవరో వింటున్నారని సెల్‌ని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచడం మొదలుపెట్టాడు. ఒకరోజు అమ్మ పెట్టిన సంగటి నా ముందుకు తోసి 'ముందు నువ్వు తిను' అన్నాడు. అమ్మ అక్కడే నిలబడి ఉంది. అప్పుడు కూడా అది జబ్బని మాకు తట్టలేదు. మత్తు దిగితే సరిపోతుందని నాన్న, గాలి సోకిందని మేనత్త. కసాపురం ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్లి నిద్ర చేయించాం. స్వామి మీద నాకు ఇప్పటికీ నమ్మకమే, కానీ మందు లేకుండా పోయిన ఆ 8 నెలలు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

చివరికి సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ మీలాగే అడిగాను. గంజాయి వల్ల వచ్చినదే అయితే, మానేశాక సాధారణంగా నెలలో చాలావరకు తగ్గి 6 నెలల్లోపు పోతుందని, పోకపోతే అది స్కిజోఫ్రీనియా లాంటి దీర్ఘకాల మానసిక జబ్బు కావచ్చని, అది తేలేదాకా మందు ఆపి కూర్చోకూడదని ఆయన చెప్పారు. గంజాయితో సైకోసిస్ (లేనిపోని అనుమానాలు రావడం, లేని మాటలు వినిపించడం లాంటి స్థితి) వచ్చినవాళ్లలో సుమారు మూడో వంతు మందికి తర్వాతి ఏళ్లలో స్కిజోఫ్రీనియా అని తేలుతోంది, అందుకే తగ్గింది కదా అని చూపించుకోవడం మానకండి.

తాగినవాళ్లందరికీ రాదు, అది నిజం. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉన్నా, చిన్న వయసులో మొదలుపెట్టినా, రోజూ తాగినా, టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) ఎక్కువున్న సరుకు తాగినా ముప్పు పెరుగుతుంది. స్వీడన్‌లో సైన్యంలో చేరిన కుర్రాళ్లను 15 ఏళ్లు గమనించి 1987లో బయటపెట్టిన అధ్యయనంలో, 18 ఏళ్లకే 50 సార్లకు పైగా తాగినవాళ్లకు స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం 6 రెట్లు కనిపించింది. కొందరు జబ్బు మొదలైన టెన్షన్‌కే తాగుతారని కూడా అంటారు, అందులోనూ కొంత నిజముంది. మా చిన్నతాతకు తిక్క అని ఊళ్లో అనేవాళ్లు. ఆ సంగతి డాక్టర్ అడిగేదాకా మా ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. మీరు మాత్రం అలాంటిదేమైనా ఉంటే మొదటిరోజే చెప్పేయండి, గంజాయి సంగతి కూడా దాచొద్దు. కేసవుతుందని నాన్న భయపడ్డాడు గానీ, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం డాక్టర్లు రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి.

మందులు పడ్డాక మూడు వారాలకు మావాడు మళ్లీ అందరితో కూర్చుని తిన్నాడు. బాగైపోయానని ఏడాదికి తనే మాత్రలు ఆపేశాడు, ఒక స్నేహితుడి పెళ్లిలో మళ్లీ దమ్ము కొట్టాడు, పదిరోజులకే సెల్ మళ్లీ బియ్యంలోకి పోయింది. ఇప్పుడు మూడేళ్లుగా మాత్రలు వేసుకుంటూ మామ టైర్ల షాపులో పని చేస్తున్నాడు. కాస్త ఒళ్లు వచ్చింది, అంతే.

మీ తమ్ముడితో 'ఎవరూ మాట్లాడుకోవడం లేదు' అని వాదించకండి, మేం వాదించిన కొద్దీ మావాడు మమ్మల్ని కూడా అనుమానించాడు. 'నిద్ర పట్టట్లేదు కదా, దానికి చూపిద్దాం' అంటే వచ్చాడు. ఈ వారమే తీసుకెళ్లండి. అంతలో 14416కి ఫోన్ చేస్తే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు. చచ్చిపోతానన్నా, ఎవరినైనా కొడతానన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.