పొగ రాని నిప్పుతోనే ఎక్కువ జాగ్రత్త: కట్టెల పొయ్యి, కుంపటిపై పాఠకుల ప్రశ్నలు

చలి పెరుగుతున్న కొద్దీ పొయ్యిల గురించి ఉత్తరాలూ పెరుగుతున్నాయి. గ్యాసు ఉన్న ఇళ్లలోనూ స్నానాల నీళ్లకూ పశువుల కుడితికీ కట్టెల మంట తప్పడం లేదు కాబట్టి కాస్త వివరంగానే జవాబిస్తున్నాం.

పొయ్యికి నాలుగు అంగుళాల పొగగొట్టం పెట్టించాం. అయినా పొగంతా వంటింట్లోకే వస్తోంది. గొట్టం మార్చాలా? – ఒక పాఠకురాలు, తుని

మార్చేముందు పొగ ఎప్పుడు వెనక్కి వస్తోందో గమనించండి. వెలిగించిన మొదటి ఐదు నిమిషాలే వస్తుంటే గొట్టం చల్లగా ఉండటమే కారణం. గొట్టంలో గాలి వేడెక్కితేనే పైకి లాగుతుంది. ముందుగా గొట్టానికి దగ్గరి పొయ్యి కంట్లో గుప్పెడు ఎండు కొబ్బరి పీచు వెలిగించి, తర్వాత అసలు మంట పెట్టండి.

ఎప్పుడూ వస్తుంటే గొట్టం పై కొస చూడండి. అది ఇంటి కొప్పు కంటే కిందే ఆగిపోతే, కొప్పు మీదుగా దిగే గాలి పొగను లోపలికి తోసేస్తుంది. కొప్పు కంటే రెండు మూడు అడుగులు ఎత్తుండాలి, పైన వాన టోపీ ఉండాలి. టోపీకీ గొట్టానికీ మధ్య జానెడు ఖాళీ వదలాలి. లోపల వంపు ఒక్కటే ఉంటే మేలు. మసి ముందుగా పేరుకునేది ఆ వంపులోనే. నెలకోసారి, పొయ్యి పూర్తిగా చల్లారాక, తాడుకు పీచు కట్ట కట్టి పైనుంచి లాగి దులపండి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరవకండి. సిమెంటు రేకు రకం పాత గొట్టమైతే కోయకండి, గీకకండి. ఆ దుమ్ములో ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆస్‌బెస్టాస్ నార ఉండొచ్చు.

చాలామందికి తట్టని కారణాలు ఇంకో రెండున్నాయి. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతుంటే అది గొట్టంలోని పొగను కిందికి లాగేస్తుంది. కట్టెల మంట ఉన్నంతసేపు దాన్ని ఆపేసి కిటికీ తెరవండి. రెండో కారణం, రెండు కళ్ల పొయ్యిలో ఒక కంటి మీద గిన్నె పెట్టకుండా వదిలేయడం. గొట్టంలోకి పోవాల్సిన పొగ ఆ కంతలోంచి బయటికొస్తుంది. దాన్ని మూతతోనైనా మూసేయండి. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధన శాలలో డాక్టర్ ఎస్.పి. రాజు 1950ల్లోనే పొగగొట్టంతో మట్టి పొయ్యి రూపొందించారు. సూత్రం అప్పటి నుంచీ అదే: గాలి పొయ్యి నోట్లోంచి రావాలి, పొగ గొట్టంలోంచే పోవాలి. మధ్యలో ఇంకెక్కడా కంత ఉండకూడదు.

మీది పెంకుటిల్లైతే సరే. తాటాకు కప్పైతే రేకు గొట్టానికి అన్ని వైపులా కనీసం అడుగున్నర దూరంలో ఆకు గానీ వాసం గానీ ఉండకూడదు.

ఏ కట్టె మంచిది? ఎన్నాళ్లు ఎండాలి? – ఒక పాఠకుడు, ఖమ్మం

జాతి కంటే ముందు తడి చూడాలి. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే. మంట వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, పొగా మసీ పెరుగుతాయి. మణికట్టు లావున చీల్చి, నేలకు తగలకుండా రాళ్ల మీద పేర్చి, పైన మాత్రం కప్పి, పక్కలు గాలికి వదిలేయండి. వేసవి కలిసొచ్చేలా కనీసం ఆరు నెలలు ఎండాలి. కొసల్లో పగుళ్లు విచ్చి, రెండు ముక్కలు కొడితే ఖంగుమంటే ఎండినట్టు. మండేటప్పుడు కొసలోంచి నురగ వస్తే ఇంకా పచ్చిదే.

తుమ్మ, సర్కారు తుమ్మ, చింత, సరుగుడు గట్టి నిప్పునిస్తాయి. జామాయిల్ ఆకు నూనెతో ఒక్కసారిగా భగ్గుమంటుంది, గుప్పెడు మించి వేయకండి. గన్నేరు కట్టె విషం, దాని పొగ కూడా వద్దు. జీడిపిక్కల తొక్కల నూనె పొగ కళ్లనూ చర్మాన్నీ మండిస్తుంది. రంగేసిన చెక్క, ప్లైవుడ్, టైరు ముక్క, పాలిథిన్ ఏ పొయ్యిలోనూ వేయకూడదు. కిరోసిన్, పెట్రోలు పోసి వెలిగించకండి. ముఖ్యంగా ఆరిపోయిందనుకున్న నిప్పు మీద పోస్తే ఆవిరి అంటుకుని మంట చేతిదాకా వస్తుంది. పొయ్యి నోటినిండా కట్టెలు కుక్కకండి. నోట్లో మూడోవంతు గాలికి వదిలి, కొసలు కాలే కొద్దీ లోపలికి తోయండి.

మా కోడలు బాలింత. చలి ఎక్కువని గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు వేస్తున్నాం. పొగ లేని నిప్పే కదా, ఫర్వాలేదా? – ఒక పాఠకురాలు, పాడేరు

అమ్మా, ఈ జవాబు చదివిన వెంటనే కుంపటి బయట పెట్టించండి. పొగ లేకపోవడమే ఇందులో మోసం. ఎర్రగా కణకణలాడే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం. నిద్రలో ఉన్నవారికి ఇవేవీ తెలియకుండానే స్పృహ తప్పుతుంది. పసివాళ్లు వేగంగా ఊపిరి తీస్తారు కాబట్టి వాళ్ల మీద త్వరగా పనిచేస్తుంది.

కిటికీ కొంచెం తెరిచామన్న ధీమా వద్దు. ఎంత తెరిస్తే చాలో కంటితో చెప్పే వీలు లేదు. పడుకునే గదిలో కుంపటి ఉండకూడదు, అంతే. బూడిద కప్పినా లోపల నిప్పు ఉన్నంతసేపూ ఆ వాయువు వస్తూనే ఉంటుంది. సాంబ్రాణి ధూపం కూడా బిడ్డ ఊపిరికి మంచిది కాదు. బిడ్డను తల్లి ఒంటికి ఆనించి దుప్పటి కప్పండి, టోపీ, మేజోళ్లు తొడగండి. తల్లి పక్కను వేడినీళ్ల రబ్బరు సంచితో ముందే వెచ్చబెట్టి, పడుకునేముందు సంచి తీసేయండి.

ఎవరికైనా తలనొప్పి, మగత వస్తే ముందు అందరినీ బయటికి తీసుకురండి, తర్వాత 108కి ఫోన్ చేయండి. వేలికి పెట్టే ఆక్సిమీటరు చూసి ఊరుకోకండి. ఈ వాయువు పట్టిన రక్తాన్ని కూడా అది మంచి ఆక్సిజనే అనుకుని 98, 99 చూపిస్తుంది.

రాగి బాయిలర్‌ను స్నానాల గదిలో పెట్టుకోవచ్చా? – ఒక పాఠకుడు, కర్నూలు

వద్దు. వరండాలోనో పెరట్లోనో మంట పెట్టి, నీళ్లు బకెట్‌తో లోపలికి తెచ్చుకోండి. కారణం పై జవాబులోదే. నీళ్లు పోశాకే నిప్పు వేయాలి. ఖాళీ పాత్ర కింద మంట పెడితే అతుకులు ఊడతాయి. పై మూత బిగించకండి, ఆవిరికి దారి ఉండాలి. కుళాయి తిప్పితే మొదట సలసల కాగిన నీళ్లు వస్తాయి కాబట్టి పిల్లల్ని దూరంగా ఉంచండి.

అమెరికాలో, మిన్నెసోటాలో కొన్న ఇంట్లో ఇనుప కట్టెల పొయ్యి ఉంది. రాత్రంతా వెచ్చగా ఉండాలని గాలి కంతలు మూసేసి పడుకుంటే పొయ్యి తలుపు అద్దం నల్లబడుతోంది. – ఒక పాఠకుడు

అద్దం నల్లబడిందంటే పొగగొట్టమూ లోపల నల్లబడుతున్నట్టే. గాలి చాలక నివురుగప్పి కాలిన కట్టె పొగ గొట్టం గోడలకు క్రియోసోట్ అనే జిగురు మసిగా అంటుకుంటుంది. ఒక రోజు పెద్ద మంటకు అది అంటుకుంటే గొట్టంలో రైలు వెళ్తున్నట్టు హోరు వినిపిస్తుంది. అప్పుడు పొయ్యి తలుపూ గాలి కంతలూ మూసి, అందరూ బయటికొచ్చి 911కి ఫోన్ చేయాలి. నీళ్లు పోస్తే గొట్టం పగులుతుంది.

రాత్రికి పెద్ద దుంగలు వేసినా, అవి బాగా అంటుకున్నాకే గాలి కొంచెం కొంచెంగా తగ్గించండి, పూర్తిగా మూయకండి. తేమ కొలిచే చిన్న మీటరు కొనండి. దుంగను చీల్చి కొత్త ముఖం మీద కొలిస్తే 20 శాతం లోపు ఉండాలి. తలుపులో కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే, తలుపు అంచున గాలి చొరకుండా పెట్టిన తాడు మార్చాలి. చలికాలానికి ముందు ఏటా ఒకసారి పొగగొట్టాలు శుభ్రం చేసేవారిని పిలిపించండి. పడకగదుల బయట, ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. పొగ అలారం దీన్ని పట్టదు.

బూడిద ఎప్పుడు పారబోయవచ్చు? – ఒక పాఠకురాలు, నల్గొండ

బూడిద అడుగున నిప్పు రెండు మూడు రోజులైనా బతికే ఉంటుంది. మూత ఉన్న ఇనుప బకెట్‌లో తీసి, గడ్డివాముకూ కట్టెల మోపుకూ దూరంగా, మట్టి నేల మీద నాలుగు రోజులు ఉంచండి. ప్లాస్టిక్ తట్ట, గోనెసంచి వద్దు. తర్వాత కూరమొక్కల మొదళ్లలో పలచగా చల్లవచ్చు. అందులో పొటాషియం ఉంటుంది. మీ నేల చౌడుదైతే మాత్రం వేయకండి, చౌడు ఇంకా పెరుగుతుంది.