ఏసీ వేస్తే కారు వణుకుతోంది, చెక్ ఇంజిన్ లైటు బ్లింక్ అవుతోంది: పంపు మార్పించే ముందు కాయిలు అటూ ఇటూ వేసి చూడండి

సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ దాకా వణుకు, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లైటు టకటకా ఆరి వెలగడం... మీరు చెప్పింది చూస్తే ఇది మిస్సింగేనండి, అంటే ఏదో సిలిండర్లో పెట్రోల్ సరిగ్గా అంటుకోవట్లేదు. షెడ్డులో పెట్రోల్ పంపు పోయింది, 14 వేలు అవుద్ది అన్నారని రాశారు కదా, ఆ డబ్బులు ఇప్పుడే ఇవ్వకండి. పంపు వీకయితే అన్ని సిలిండర్లకీ ప్రెషర్ తగ్గుద్ది, లోడ్ మీద, స్పీడు మీద బండి లాగదు. ఐడిల్లో (బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు) ఒక లెక్క ప్రకారం ఒక్కో దెబ్బ తప్పుతోందంటే మాత్రం ఎక్కువగా ఒక్క సిలిండరే పనిచేయట్లేదని అర్థం. సైలెన్సర్ వెనక కొంచెం దూరంగా చెయ్యి పెడితే కూడా తెలుస్తది, గాలి సాఫీగా రాకుండా మధ్యలో ఒక్కోటి ఎగిరిపోతుంటది.

ఇంకోటి, లైటు ఊరికే వెలిగి ఉంటే మెల్లగా షెడ్డుకి తోలుకెళ్ళొచ్చు గానీ బ్లింక్ అవుతుంటే తోలొద్దు. కాలని పెట్రోల్ సైలెన్సర్ లైన్లోకి పోయి కెటలిటిక్ కన్వర్టర్లో (పొగని శుభ్రం చేసే డబ్బా) మండుద్ది, అది మాడిపోయిందంటే మీ పంపు ఎస్టిమేటే చవకనిపిస్తది.

ముందు బండి కంప్యూటర్ దాచుకున్న తప్పు కోడ్ చూడాలి. బీఎస్4 (పొగ కాలుష్యం నిబంధన) బళ్ళకి 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ2 (బండి తన తప్పుల్ని తానే కనిపెట్టే ఏర్పాటు) ఉండాల్సిందే, స్టీరింగ్ కింద సాకెట్ ఉంటది, బ్లూటూత్ స్కానర్ వెయ్యి లోపే దొరుకుద్ది. పీ0301 నుంచి పీ0304 దాకా ఏదొచ్చినా చివరి అంకె సిలిండర్ నంబరు. పీ0300 వస్తే ఒక్కదానిది కాదు, అప్పుడు వాక్యూమ్ పైపు చిట్లిందా, పెట్రోల్లో నీళ్ళున్నాయా అని చూసుకోవాలి, పంపు మాట కూడా అప్పుడే ఎత్తాలి.

నా బండికి పీ0303 వచ్చింది. అప్పటికే ఒక షెడ్డులో ఇంజెక్టర్లు (సిలిండర్లోకి పెట్రోల్ చిమ్మేవి) క్లీన్ చేసి బిల్లు తీసుకున్నారు, వణుకు అలాగే ఉంది. ఇంజిన్ చల్లారాక, కీ తీసేసి, మూడో సిలిండర్ కాయిలు (ప్లగ్గుకి స్పార్కు కరెంటు ఇచ్చేది) రెండో దాంట్లో, రెండోది మూడో దాంట్లో పెట్టి కోడ్ క్లియర్ చేసి ఏసీ వేసి ఐడిల్లో వదిలేశా, కాసేపటికి పీ0302 వచ్చింది. అంటే తప్పు కాయిలుతో పాటే నడిచొచ్చింది, పంపుకీ ఇంజెక్టర్‌కీ సంబంధం లేదు. కాయిలు కనెక్టర్ లాక్ మాత్రం వేడికి పెళుసెక్కి ఉంటది, నొక్కి తియ్యాలి, గుంజితే విరిగిపోద్ది.

కాయిలు మార్చేస్తే అయిపోయేది కాదు అసలు. తీసినప్పుడు దాని రబ్బరు బూటు (ప్లగ్గు మీద కూర్చునే తొడుగు) కొస మెత్తబడి నూనె కారుతోంది, ప్లగ్గు గుంటలో కూడా ఆయిలే. ప్లగ్గు తుడిచి చూస్తే తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. కరెంటు ప్లగ్గు కొనకి రాకుండా ఆ గీత మీదుగా పక్కనున్న హెడ్డుకి దూకేస్తోందన్నమాట. టాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్ గట్టిపడి ఆయిల్ దిగుతోంది, ఆ ఆయిలే బూటుని తినేసింది. అందుకని ఆటోనగర్ పోయి కాయిలు, ప్లగ్గులు, ప్యాకింగ్ అన్నీ కలిపి తెచ్చి ఒకేసారి వేయించా. గీత పడ్డ ప్లగ్గు అలాగే ఉంచి కొత్త కాయిలు వేస్తే కొత్త బూటు కూడా అక్కడే కాలుద్ది. గుంటలో ఆయిల్ ఉంటే ప్లగ్గు విప్పేముందు గుడ్డతో పీల్పించండి, లేకపోతే అదంతా సిలిండర్లోకి దిగుద్ది.

కాయిలు అటూ ఇటూ వేసినా కోడ్ అదే సిలిండర్ దగ్గర ఉంటే ప్లగ్గులు అలాగే అటూ ఇటూ మార్చండి, అదీ కదలకపోతే ఇంజెక్టర్, దాని వైరు (వానాకాలం ఎలుకలు కొరికేస్తాయి, నవ్వకండి), ఆ తర్వాతే కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఒత్తిడి) చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా కాయిలు పీకి చూసే పాతకాలం పద్ధతి మీ మెకానిక్‌ని చెయ్యనివ్వొద్దు, షాకు కొడుద్ది, ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) కూడా పోవచ్చు, ఏ సిలిండరో తెలుసుకోవాలంటే ఇంజెక్టర్ కనెక్టర్ తీస్తే చాలు, ఏది తీసినప్పుడు శబ్దంలో తేడా రాదో అదే చచ్చిన సిలిండర్.

మీది సీఎన్జీ కిట్టు ఉన్న బండా? గ్యాస్‌కి స్పార్కు ఇంకా గట్టిగా కావాలి, వీకైన ప్లగ్గు గ్యాస్ మీద ముందు బయటపడుద్ది, పెట్రోల్‌కి మార్చి చూస్తే వణుకు తగ్గిందా లేదా చెప్పండి. కోడ్ చివరి అంకె ఎంతో, కాయిలు అటూ ఇటూ వేశాక అది కదిలిందో లేదో కూడా రాయండి, అప్పుడు మిగతాది చూద్దాం.