సర్వీస్ లేదు, సర్వీస్ ఛార్జి మాత్రం ఉంది

ప్రశ్న: కరోనా సమయంలో సగం సౌకర్యాలు ఆపేసిన స్టార్ హోటళ్లలో ఉన్నవాళ్లకి డబ్బు దండగ అనిపించిందా?

దండగే. అయితే మీరనుకునే కారణానికి కాదు.

నెలల తరబడి ఇంట్లో మగ్గిపోయిన అమ్మానాన్నలకి సముద్రం చూపిద్దామని 2020 డిసెంబర్‌లో విశాఖ తీసుకెళ్లాను. బీచ్ రోడ్డులో పెద్ద హోటలే, పేరెందుకు లెండి. స్విమ్మింగ్ పూల్ మూసేశారు. దానికి వాళ్లనేమీ అనను, కేంద్రం పూల్స్‌ని అందరికీ తెరవనిచ్చిందే 2021 ఫిబ్రవరిలో. రూముకి తెచ్చిన తిండి చేతికివ్వకుండా గుమ్మం దగ్గర పెట్టి వెళ్లాలన్నది కూడా ప్రభుత్వ నిబంధనే.

నాన్నకి స్టార్ హోటలంటే పొద్దున్నే బఫే. ఎదురుగా దోసె వేయించుకుని, నాలుగు రకాల చట్నీలు వడ్డించుకుని గంటసేపు కూర్చోవాలి. బెల్ మోగింది. తలుపు తీస్తే వరండాలో ఓ స్టూలు, దాని మీద కాగితం సంచి. మనిషి లేడు. సంచిలో రేకు డబ్బాలు: ఆవిరికి ఒకదానికొకటి అతుక్కుపోయిన ఇడ్లీలు, నీరుకారిన వడ, మూత బిగుసుకుపోయిన చట్నీ కప్పు. చెక్క స్పూను ఇడ్లీలో గుచ్చగానే విరిగింది. "రైల్లో ఇచ్చే టిఫినే నయంరా" అన్నారు నాన్న. కాఫీ అయితే పొట్లం చింపి, పాలపొడి వేసి, కెటిల్లో మనమే కలుపుకోవాలి. దుప్పట్లు సీల్ వేసిన కవర్లో గుమ్మం దగ్గర పెట్టి "మీరే మార్చుకోండి" అన్నారు. అంత పెద్ద పరుపుని అమ్మ ఓ వైపు, మా ఆవిడ ఓ వైపు ఎత్తి పట్టుకుని దుప్పటి దోపుతుంటే, విహారానికి వచ్చామా పనికి వచ్చామా అర్థం కాలేదు.

ఇంతా చేసి రూము రేటు పైసా తగ్గలేదు. రోజుకి 7,500 రూపాయలు దాటిన రూము కాబట్టి జీఎస్టీ 18 శాతం. ఆ హోటల్ తిండికీ అంతే. బయట టిఫిన్ సెంటర్లో అయితే 5 శాతం. సరే, పన్ను హోటల్ చేతిలో లేదు. కానీ ఖాళీ చేసేటప్పుడు చూస్తే రాత్రి భోజనాల బిల్లులో సర్వీస్ ఛార్జి! ఎవరు చేశారండీ సర్వీసు? సంచి లోపలికి తెచ్చింది నేను, వడ్డించింది మా ఆవిడ. అదే అడిగితే ప్లాస్టిక్ తెర వెనక అమ్మాయి "సిస్టమ్‌లో ఆటోమేటిగ్గా వస్తుంది సార్" అంది. ఇవ్వడం ఇవ్వకపోవడం కస్టమర్ ఇష్టమని 2017లోనే కేంద్ర వినియోగదారుల శాఖ చెప్పింది కదా అన్నాను. వెనక పసుపు వలయాల్లో నిలబడ్డవాళ్లు చూస్తున్నారు, మా ఆవిడ మోచేత్తో పొడుస్తోంది. మేనేజర్ వచ్చి తీసేశాడు. ఆ డబ్బు సామాను మోసిన కుర్రాడికిచ్చాను.

స్టార్ హోటల్లో మనం డబ్బిచ్చేది పాలరాయికి కాదు, మనుషులు చేసే పనికి. అది తగ్గించినా జనం నోరు మూసుకుని అదే రేటు కడతారని హోటళ్లవాళ్లకి కరోనా నేర్పింది. అందుకే కొన్నిచోట్ల అడిగితే తప్ప రూము తుడవరు, మెనూ కార్డు అడిగితే క్యూఆర్ కోడ్ చూపిస్తారు. డెబ్బై దాటిన మనిషి చత్వారపు కళ్లతో ఫోన్లో పప్పుచారు వెతుక్కోవాలా? బిల్లులో సర్వీస్ ఛార్జి దానంతటదే కలపొద్దని 2022 జూలైలో మళ్లీ మార్గదర్శకాలొచ్చాయి. అయినా బిల్లు చివరి లైన్లు చదవకుండా కార్డు ఇవ్వకండి.

ఇక బుక్ చేసేముందు ఫోన్ చేసి, రూము రోజూ శుభ్రం చేస్తారా, టిఫిన్ బఫేనా డబ్బానా అని అడగండి. "పరిస్థితిని బట్టి సార్" అన్నారంటే ఫోన్ పెట్టేయండి. ఆ డబ్బుతో మంచి లాడ్జిలో మూడు రోజులు ఉండొచ్చు.