పట్టీలో వదులు ఎక్కడ దాక్కుంటుందంటే

అమ్మాయీ,

ఆశీస్సులు. పాపాయి కార్ సీటు పట్టీలు నువ్వు బిగిస్తే అబ్బాయి వదులు చేస్తున్నాడని, ఎవరిది సరైనదో చెప్పమని రాశావు. ఇద్దరికీ ఒకే కొలత ఉంటే ఈ పేచీ ఉండదు. ఆ కొలత చెబుతాను. ఒక్కో సీటు తీరు ఒక్కోలా ఉంటుంది కాబట్టి నా మాటకీ సీటుతో వచ్చిన మాన్యువల్‌కీ తేడా వస్తే మాన్యువల్ మాటే విను.

కారు దేన్నైనా గుద్దితే కారు ఆగుతుంది గానీ లోపలి పిల్ల అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటుంది. పట్టీ ఒంటికి అంటి ఉంటే పిల్ల కూడా కారుతోపాటే నెమ్మదిస్తుంది. వదులుగా ఉంటే, ఆ వదులంతా అయిపోయేదాకా దూసుకెళ్లి ఒక్క కుదుపుతో ఆగుతుంది. పట్టీల్లోంచి జారి బయటపడనూవచ్చు. అంచేత "పాపం, పిల్ల నలిగిపోతుందేమో" అని జాలిపడి వదులు చేయడం జాలి కాదు. అబ్బాయికి ఈ ముక్క చదివి వినిపించు.

ముందు భుజం పట్టీల ఎత్తు చూడు. పాపాయి ఇప్పుడు వెనక్కి తిరిగి కూర్చుంటోంది కదా, పట్టీ సీటులోంచి బయటికొచ్చే చోటు భుజానికి సమానంగానో కాస్త కిందనో ఉండాలి. కారు ఎదురుగా దేన్నైనా గుద్దినప్పుడు వెనక్కి తిరిగిన పిల్ల సీటు వీపు వెంబడి పైకి జారుతుంది, కిందనుంచి వచ్చే పట్టీ ఆ జారుడును ఆపుతుంది. ముందుకు తిప్పి కూర్చోబెట్టే రోజులొచ్చాక ఇది తారుమారు: అప్పుడు భుజానికి సమానంగానో కాస్త పైనో ఉండాలి. హెడ్‌రెస్ట్‌తోపాటే పట్టీలు కదిలే సీటైతే పని సులువు. లేదంటే సీటు వెనక ఇనుప కొక్కెం నుంచి పట్టీలు తీసి, వేరే కంతల్లోంచి మళ్లీ దూర్చాలి. రెండూ ఒకే ఎత్తు కంతల్లో ఉన్నాయా, కొక్కేనికి పూర్తిగా తగులుకున్నాయా అని వెనకనుంచి చూడు. సగం సగంగా తగిలించినది ముందునుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది, అదే ప్రమాదం.

ఇక బిగించడం. పట్టీలు బాగా వదులు చేసి పక్కలకు తప్పించి, పాపాయి పిర్రలు, వీపు సీటుకు ఆనేలా లోపలికంటా కూర్చోబెట్టు. చేతులు దూర్చి, బకిల్ నాలుకలు రెండూ 'టక్' మనేదాకా నొక్కి, ఒకసారి పైకి లాగి చూడు. ఇక్కడే చాలామంది నేరుగా తోకపట్టీ (పట్టీలన్నీ బిగించడానికి సీటు ముందు వేలాడే పట్టీ) లాగేస్తారు. భుజాల దగ్గర బిగుసుకుంటుంది, అయిందనుకుంటారు. వదులు మాత్రం తొడల దగ్గర దాక్కునే ఉంటుంది. కాబట్టి ముందుగా తుంటి దగ్గరి పట్టీని బకిల్ వైపు నుంచి పైకి, భుజాల వైపుకి లాగు, రెండు పక్కలా. ఆ తర్వాత తోకపట్టీ లాగు. సరిగ్గా లాగడం లేదనిపిస్తే ఒక చేత్తో భుజం పట్టీని సీటు వెనక్కి తోస్తూ రెండో చేత్తో లాగు.

కొలత ఇది: భుజం ముందుండే మెడ ఎముక (కాలర్‌బోన్) దగ్గర పట్టీని బొటనవేలు, చూపుడువేలితో నిలువుగా గిల్లడానికి చూడు. మడత వేళ్లకు చిక్కితే వదులున్నట్టే. వేళ్లు జారిపోతే సరిపోయింది. వేలు దూరుతుందా లేదా అని చూడడం కంటే ఇది నయం, నీ వేలూ అబ్బాయి వేలూ ఒకే లావుండవు కదా. మరీ బిగించి పట్టీ ఒంట్లోకి దిగబడేలా, భుజాలు వంగిపోయేలా చేయనక్కర్లేదు.

మీ సీటుకు రెండు భుజం పట్టీలనూ కలిపి పట్టే ఛాతీ క్లిప్ ఉంటే చంకల ఎత్తులో పెట్టు. పొట్ట మీదికి దిగితే భుజం పట్టీలు పక్కలకు జారతాయి. గొంతు దగ్గరికి పోతే అదొక బాధ. క్లిప్ లేకుండానే వచ్చిన సీట్లూ ఉన్నాయి, వాటికి బయట కొని తగిలించకు. మెత్తటి భుజం ప్యాడ్లు, అదనపు దిళ్లు కూడా అంతే: సీటుతో రానివేవీ వద్దు.

చలికి లావుపాటి జాకెట్ వేసి పట్టీ బిగిస్తే బిగువుగానే అనిపిస్తుంది, కానీ దెబ్బకు జాకెట్‌లోని గాలంతా పోయి అణగిపోతుంది. నమ్మకం లేకపోతే జాకెట్‌తో బిగించి, పట్టీ ముట్టుకోకుండా బకిల్ విప్పి, జాకెట్ తీసేసి బకిల్ మళ్లీ పెట్టి చూడు. ఎంత వదులు బయటపడుతుందో నీకే తెలుస్తుంది. పలచటి బట్టలు వేసి, పట్టీ బిగించాక పైన దుప్పటి కప్పు.

పట్టీ మెలిపడితే దెబ్బ బలమంతా సన్నటి గీత మీదే పడుతుంది, ప్రతిసారీ చేత్తో నిమిరి చూసుకో. మురికైతే వాషింగ్ మెషీన్‌లో వేయకు, నానబెట్టకు, బ్లీచ్ అసలే వద్దు, పట్టీ బలం పోతుంది. తడిగుడ్డ, కాస్త సబ్బు చాలు. బకిల్ 'టక్' మనకపోతే లోపల తిండి తునకలు ఇరుక్కుని ఉండవచ్చు. నూనె వేయకు. ఎలా కడగాలో మాన్యువల్ చూడు.

ఇంత చేసినా సీటే కారుకు వదులుగా ఉంటే ఏం లాభం? కారు బెల్టో ఐసోఫిక్సో (సీటును కారులోని కొక్కేలకు తగిలించే అమరిక) పట్టుకున్న చోట చెయ్యేసి ఊపు. రెండున్నర సెంటీమీటర్ల కంటే ఎక్కువ కదలకూడదు. సీటు పైభాగం పట్టుకుని ఊపితే ఎలాగూ ఊగుతుంది, అది లెక్కలోకి రాదు. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుంటే, వెనక్కి తిరిగిన కార్ సీటును అక్కడ ఎప్పటికీ పెట్టకు.

ఇల్లు చేరేసరికి పాపాయి నిద్రపోయి ఉంటే, లేస్తుందేమోనని పట్టీలు మాత్రం వదులు చేసి సీట్లోనే వదిలేయకు. తల ముందుకు వాలితే ఊపిరి ఆడకపోవచ్చు, వదులు పట్టీ మెడకు చుట్టుకోవచ్చు. లేచి ఏడ్చినా సరే, పూర్తిగా బయటికి తీసి చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టు.

మీ పెద్దమ్మ