టెంక పాతితే బంగినపల్లి రాదా?

ప్రశ్న: పదకొండేళ్ల కిందట మంచి బంగినపల్లి పండు తిని, ఆ టెంకను మా నాన్నగారు పెరట్లో పాతారు. చెట్టు ఏపుగా పెరిగి పోయినేడు మొదటిసారి కాసింది. తీరా చూస్తే కాయ చిన్నది, నిండా పీచు, మాగాక కూడా పులుపు చావలేదు. నేల తేడానా, ఎరువు తేడానా? చెట్టు కొట్టించేద్దామంటున్నారు. (పాఠకురాలు, నూజివీడు)

జవాబు: ముందు గొడ్డలి పక్కన పెట్టమనండి. నేల తప్పు లేదు, ఎరువు తప్పు అంతకన్నా లేదు. మీ నాన్నగారు తిన్నది బంగినపల్లి, పాతింది మాత్రం దాని బిడ్డను.

పండు కోసినప్పుడు చూడండి, తొక్క, గుజ్జు, టెంక మీది గట్టి పెంకు, ఇవన్నీ తల్లి చెట్టు ఒంట్లో భాగాలే, అందుకే పుప్పొడి ఎక్కడి నుంచి వచ్చినా పండు రుచి బంగినపల్లి రుచే. లోపలి జీడి ఒక్కటే కొత్త ప్రాణి. దానికో తండ్రి కూడా ఉన్నాడు. పూత మీద ముసిరే ఈగలు పక్క తోటలోని ఏ కలెక్టరు చెట్టు నుంచో, ఏ పుల్లటి నాటు చెట్టు నుంచో పుప్పొడి మోసుకొచ్చి ఉంటాయి.

ఇక అసలు సంగతి. మామిడి కణంలో 40 క్రోమోజోములు (తల్లిదండ్రుల గుణాలను మోసే పోగులు) ఉంటాయి, అంటే 20 జతలు, ఒక్కో జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. చెట్టు చిగురేసినా, కొమ్మ లావెక్కినా, గాయం మానినా కణం తన 40 క్రోమోజోములకూ నకలు తీసుకుని రెండుగా చీలుతుంది, రెండింటికీ అవే 40 వస్తాయి. ఇది మైటోసిస్, మన పుస్తకాల్లో సమవిభజన. అంటు కట్టడమంటే ఈ పనిని వాడుకోవడమే. కొమ్మ మొన కోసి వేరే టెంక మొక్క మీద కడితే రెండు వైపులా కణాలు చీలి అతుక్కుంటాయి, ఆ పైన పెరిగేదంతా పాత కొమ్మకు కొనసాగింపు. ఎప్పుడో ఒకచోట మొలిచిన ఒక్క మామిడి చెట్టే ఇవాళ ఇన్ని జిల్లాల్లో లక్షల చెట్లుగా నిలబడి ఉందంటే నాకైతే ఇప్పటికీ విడ్డూరంగానే ఉంటుంది.

పూతలో జరిగేది వేరు. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు జతలు విడిపోయి 40 కాస్తా 20 అవుతాయి. అదే మియోసిస్, క్షయకరణ విభజన. ఒక్కో జతలో ఏది ఎటు పోతుందన్నది ఏ జతకు ఆ జత, ఒకదానితో ఇంకొకదానికి సంబంధం లేదు. ఆ లెక్కన ఒక్క చెట్టు నుంచి 10,48,576 రకాల కలయికలు రావచ్చు. అవతలి చెట్టు నుంచీ అన్నే. ఒకవేళ పుప్పొడి ఆ చెట్టుదే అయినా బంగినపల్లి మళ్లీ అచ్చంగా రాదు, ఎందుకంటే దాని జతల్లోని రెండు క్రోమోజోములూ ఒకేలా ఉండవు. ఇన్ని లక్షల్లో మీ పెరట్లో మొలిచింది ఒకటి, అది పులుపు తేలింది, అంతే.

అలాగని టెంక మొక్కను చులకన చేయకండి. పేరున్న మన పాత రకాలన్నీ ఒకప్పుడు ఇలా టెంక నుంచి మొలిచి, ఎవరో రుచి చూసి, అంటు కట్టి దాచుకున్నవే. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బంగినపల్లి కూడా అంతే. (కేరళ ఓలూర్ లాంటి కొన్ని రకాల్లో ఒక్క టెంక నుంచి నాలుగైదు మొలకలు వస్తాయి, వాటిలో చాలావరకు తల్లి కణజాలం నుంచే పుడతాయి కాబట్టి అచ్చం తల్లిలాగే ఉంటాయి. బంగినపల్లికి ఆ సౌకర్యం లేదు.)

మీ చెట్టుకు వేర్లు బాగా దిగే ఉంటాయి. పై కొమ్మలు నరికించి, వచ్చిన కొత్త చిగుళ్ల మీద మంచి బంగినపల్లి పుల్లలతో అంటు కట్టించండి. కొత్త మొక్క పెట్టినదానికన్నా తొందరగా కాస్తుంది.

ప్రశ్న: ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. ప్రాక్టికల్స్‌లో ఉల్లి వేరు కొన ఎన్నిసార్లు చూసినా మైటోసిసే కనిపిస్తోంది, మియోసిస్ కనిపించదేం? (విద్యార్థి, కర్నూలు)

జవాబు: వేరు పని పొడుగు పెరగడం, పిల్లల్ని కనడం కాదు. మియోసిస్ కావాలంటే విచ్చుకోని ఉల్లి పూమొగ్గ తెచ్చి లోపలి పరాగకోశాలు నలిపి చూడు. వేరు కొనలైతే ఉదయం పూట కోయి, అసిటోకార్మిన్ రంగు వేశాక స్లైడు కొద్దిగా వెచ్చచేసి, పైన బొటనవేలితో నిలువుగా నొక్కు. పక్కకు జరిగిందా, కణాలన్నీ ముద్దయిపోతాయి. ఉల్లికి 16 క్రోమోజోములే, పైగా పెద్దవి, ఓపికుంటే లెక్కపెట్టొచ్చు.

ప్రశ్న: మా పెద్దబ్బాయి తెలుపు, పొట్టి, ఉంగరాల జుట్టు. చిన్నవాడు చామనఛాయ, పొడుగు, జుట్టు నిటారు. ఒకే తల్లికీ తండ్రికీ ఇంత తేడా ఏమిటని చుట్టాలు అనే మాటలకు టెన్షన్‌గా ఉంటోంది. (ఒక తల్లి, హనుమకొండ)

జవాబు: ఆ చుట్టాల్ని ఈసారి గుడి ముందు చెప్పుల స్టాండు దగ్గర నిలబెట్టండి. 23 జతల చెప్పులున్నాయి, ఒక్కో జతలోంచి కళ్లు మూసుకుని ఒక్క చెప్పు తీయాలి. ఎన్ని రకాలుగా తీయొచ్చు? 83,88,608 రకాలుగా. మనిషి కణంలో క్రోమోజోములూ సరిగ్గా 23 జతలే, అండంలోకి, వీర్యకణంలోకి జతకొకటి చొప్పునే వెళ్తాయి. మీ ఒక్కరి అండంలోనే అన్ని అవకాశాలు, మీవారి వైపు కూడా అన్నే, రెండూ హెచ్చిస్తే 70 లక్షల కోట్లు దాటుతుంది. ఇంతా చేసి ఇది తక్కువ లెక్క. జతలు విడిపోయే ముందు పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి, క్రాసింగ్ ఓవర్ అంటారు. అందుకే మీరు బిడ్డకిచ్చిన ఒక్క క్రోమోజోములోనే మీ అమ్మగారి ముక్క కొంత, నాన్నగారి ముక్క కొంత ఉంటాయి. అన్నదమ్ముల మధ్య ఈ పంపకం సగటున సగమే కలుస్తుంది.

మల్లిక, ఆమ్రపాలి మామిళ్లు తెలుసుగా? రెండింటి తల్లిదండ్రులూ నీలం, దశేరీలే, కాకపోతే ఒకదానికి తల్లయినది రెండోదానికి తండ్రి. మల్లిక కాయ పెద్దది. ఆమ్రపాలి చెట్టే పొట్టి, కాయా చిన్నది. వాటిని ఎవరూ ఏమీ అనరు! అచ్చం ఒకేలా ఉండాలంటే మీ పిల్లలు ఒకే పిండం రెండుగా చీలి పుట్టిన కవలలై ఉండాలి, అంటే ఒక రకంగా అంటు మొక్కలు.

ప్రశ్న: తినే అరటిపండులో గింజ ఎందుకుండదు? (పాఠకుడు, రావులపాలెం)

జవాబు: అడవి అరటికి గింజలుంటాయి, పళ్లు అదిరేంత గట్టివి. మనం తినే అమృతపాణి లాంటి వాటిలో క్రోమోజోములు జతలుగా కాక మూడేసి ఉంటాయి, 11 రకాలు మూడేసి చొప్పున 33. మియోసిస్‌లో ఇద్దరిద్దరు జత కట్టాలి, మూడోది మధ్యలో ఇరుక్కుని పంపకమంతా చెడిపోతుంది, మంచి అండమూ పుప్పొడీ తయారవవు. పండులో కనిపించే నల్ల చుక్కలు గింజలు కాలేకపోయినవి. అయినా కాయ తనంతట తాను ఊరుతుంది, అదీ మన అదృష్టం.

అందుకే అరటి పిలకల మీదే నడుస్తుంది, తోటంతా ఒకే మొక్క అన్నట్టు. ఇబ్బందీ అక్కడే. ఒకప్పుడు ప్రపంచ మార్కెట్‌ను ఏలిన గ్రోస్ మిషెల్ రకాన్ని పనామా తెగులు 1950లు, 60ల నాటికి తుడిచిపెట్టింది, తట్టుకునే మొక్క ఒక్కటీ ఆ తోటల్లో లేదు మరి. మన అమృతపాణికీ ఆ తెగులంటే గండమే. పిలకలు కొనేటప్పుడు ఆ తోటలో ఆకులు పసుపెక్కి కాండం మొదట్లో చీలిన చెట్లున్నాయేమో ఒకసారి తిరిగి చూసి, ఉంటే ఊరికే ఇచ్చినా తెచ్చుకోకండి.